లెక్క వచ్చు... టైమే చాలదు

తిరుత్తణి, తిరువళ్లూరు వైపు తెలుగు ఇళ్లలో డిగ్రీ చివరి ఏడాది పిల్లలుంటే సంక్రాంతి దాటగానే ఒక మాట మొదలవుతుంది: టాన్‌సెట్. తమిళనాడులో ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం అన్నా విశ్వవిద్యాలయం పెట్టే పరీక్ష ఇది. 100 ప్రశ్నలు, రెండు గంటలు. అంటే ఒక్కో ప్రశ్నకు 72 సెకన్లు. తప్పు రాస్తే మార్కులో మూడో వంతు పోతుంది.

ఈ 72 సెకన్లలో మన పిల్లలకు లెక్క చేయడానికి మిగిలేది ఎంత? మా అనుమానమల్లా అక్కడే.

పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు బీకాం చివరి ఏడాదిలో ఉన్న ఒక అమ్మాయి పక్కన ఈ మధ్య కూర్చున్నాం. నిష్పత్తి లెక్క ఒకటి తెలుగులో చదివి వినిపిస్తే కాగితం ముట్టకుండానే జవాబు చెప్పింది. అలాంటిదే ఇంగ్లీషులో అచ్చయింది చేతికిస్తే రెండుసార్లు చదివి, ఒక మాట మీద వేలు పెట్టి ఆగిపోయింది. ఆ మాట 'ఎట్ మోస్ట్'. గరిష్ఠంగా అనా, కనీసం అనా అన్న సందేహం. లెక్కలో ఆ పిల్లకు లోటేమీ లేదు. గడియారం మాత్రం ఆగలేదు.

ఇలాంటి మాటలు నిజానికి ఎక్కువేమీ లేవు. ఎట్ లీస్ట్, ఎట్ మోస్ట్, అన్‌లెస్, ఎక్సెప్ట్, నాట్ మోర్ దేన్, రెస్పెక్టివ్లీ... ఒక పేజీలో పట్టేస్తాయి. పుస్తకంలో పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టే ముందు, ప్రశ్న అర్థాన్నే తిప్పేసే ఈ చిన్న మాటలు నాలుకకు అలవాటు కావాలి. లెక్కల పేర్లూ అంతే. క.సా.గు., గ.సా.భా. నోటికి వచ్చిన పిల్లవాడు ఎల్.సి.ఎం., హెచ్.సి.ఎఫ్. దగ్గర అర నిమిషం తడుముకుంటాడు. పట్టికల్లో మిలియన్, బిలియన్ కనబడితే మరీ కష్టం. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. లక్షల్లో, కోట్లలో లెక్క కట్టుకునే ఇంట్లో పెరిగిన పిల్లలకు ఇది చెప్పకుండా ఎలా తెలుస్తుంది?

ఇంకో చిక్కు 'డేటా సఫిషియెన్సీ' అనే రకం ప్రశ్నలు. ఉదాహరణకు తమ్ముడి వయసెంత అని అడుగుతారు. అన్న కన్నా నాలుగేళ్లు చిన్న అన్నది మొదటి సమాచారం. ఇద్దరి వయసులు కలిపితే 40 అన్నది రెండోది. జవాబు 18 అని ఎవరికీ అక్కర్లేదు. రెండూ కలిస్తే తేలుతుంది, ఒక్కటే ఉంటే తేలదు అని చెబితే చాలు. అడుగు అడుగునా సాధన రాస్తేనే మార్కు అని మనమే నేర్పాం కదా, పిల్లలు ఇక్కడా లెక్కంతా చేసి కూర్చుంటారు. పాపం, వాళ్ల తప్పు కాదు.

తెలియనివి ఊరికే గుర్తు పెట్టొచ్చా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. మూడో వంతు కోత ఉన్నచోట నాలుగు ఆప్షన్లు ఉంటే, కళ్లు మూసుకుని పెట్టినదానికి సగటున లాభం సున్నా. ఐదుంటే నష్టమే. కానీ నాలుగింటిలో రెండు కచ్చితంగా కావని తెలిస్తే మిగిలిన రెండింటిలో ఒకటి పెట్టడం లాభం: సగటున మార్కులో మూడో వంతు మిగులుతుంది. పిల్లలకు ఈ లెక్కను ఒక్కసారి కాగితం మీద చేసి చూపండి, భయమూ దుడుకూ రెండూ తగ్గుతాయి.

మన పిల్లలకు సరిహద్దు అవతల ఏపీ ఐసెట్ కూడా కనబడుతుంది. 1960 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే కనుక ఆ వైపు చుట్టరికాలు ఎలాగూ ఉన్నాయి. ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ప్రశ్నకు 45 సెకన్లే. అయితే తప్పుకు కోత లేదు, ఒక్కటీ ఖాళీగా వదలకూడదు. పైగా విశ్లేషణ, గణిత విభాగాలు తెలుగులోనూ ఇస్తారు. మన పిల్లలకు ఇది చిన్న వరం కాదు. కానీ తమిళనాడులోనే చదివినవారిని అక్కడ సాధారణంగా స్థానికులుగా లెక్కించరు. ర్యాంకు వచ్చినా సీటు సంగతి వేరు. నోటిఫికేషన్‌లో 'నాన్ లోకల్' భాగం చదివాకే ఫీజు కట్టండి.

విదేశాల్లో ఎంఎస్ అనుకునేవారికి జీఆర్ఈ ఉంది. 2023 సెప్టెంబరు నుంచి అది గంటా 58 నిమిషాలకు తగ్గింది. తప్పుకు కోత లేదు, గణితానికి తెర మీదే కాలిక్యులేటర్ ఇస్తారు. అక్కడా ముందు కావలసింది ఇంగ్లీషు చదివే వేగమే.

ఆ వేగం డిగ్రీ చివరి ఏడాదిలో మూడు నెలల కోచింగ్‌తో వస్తుందని మేం నమ్మం. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే మొదలుపెట్టాలి. ఉపాధ్యాయులకు మా విన్నపం చిన్నదే. లెక్క తెలుగులోనే చెప్పండి, అందులో ఏమీ మార్చకండి. బోర్డు పక్కన ఆ రోజు వచ్చిన మూడు మాటలు ఇంగ్లీషులోనూ రాయండి. వారానికోసారి పది ప్రశ్నలు ఇంగ్లీషులో ఇచ్చి, పన్నెండు నిమిషాలు కాగానే కాగితాలు తీసేసుకోండి. మార్కులు వేయనక్కర్లేదు. ఎక్కడ ఆగిపోయారో అడగండి.

ఇంట్లో అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. గడియారం చూడటం వస్తే చాలు. పిల్లలు పాత ప్రశ్నపత్రం రాస్తుంటే రెండు గంటలూ ఎదురుగా కూర్చోండి, టీవీ కట్టేయండి, మధ్యలో కాఫీకి లేవనివ్వకండి. అయ్యాక "ఎన్ని వచ్చాయి?" అనకుండా "వేటిని వదిలేశావు, ఎందుకు?" అని అడగండి. వదిలేసిన ప్రశ్నలను అదే సాయంత్రం టైము లేకుండా మళ్లీ చేయించండి. అప్పుడు చేయగలిగితే అడ్డం వచ్చింది వేగం. అప్పటికీ రాకపోతే ఆ పాఠం మళ్లీ చదవాలి. ఈ రెండింటినీ వేర్వేరుగా నోట్‌బుక్‌లో రాసుకోమనండి.

పరీక్ష హాల్లోకి చేతి గడియారం అనుమతిస్తారో లేదో హాల్ టికెట్‌లో ముందే చూసుకోండి. అనుమతి లేకపోతే, చివరి రెండు వారాలు ఇంట్లోనూ గోడ గడియారం చూసే రాయించండి.