క్లాస్ గ్రూప్‌లో పుస్తకం పేజీలు పెడితే కాపీరైట్ సమస్య వస్తుందా? టీచర్లు తెలుసుకోవాల్సిన విషయాలు

ఫోన్‌లో స్కానర్ యాప్ ఓపెన్ చేసి, పుస్తకంలో పది పేజీలు పీడీఎఫ్ చేసి, క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. చాలామంది టీచర్లు రోజూ చేస్తున్న పనే ఇది. మరి చట్టం దీన్ని ఒప్పుకుంటుందా? అదే పాఠం యూట్యూబ్‌లో పెడితే స్ట్రైక్ ఎందుకు పడుతుంది?

ఫెయిర్ యూజ్ మన చట్టం కాదు

వీడియోల కింద "ఫెయిర్ యూజ్, సెక్షన్ 107" అనే డిస్‌క్లెయిమర్ మీరు చూసే ఉంటారు. అది అమెరికా చట్టంలోని సెక్షన్. మన దగ్గర ఉన్నది కాపీరైట్ చట్టం, 1957. అందులోని సెక్షన్ 52, ఏయే పనులు కాపీరైట్ ఉల్లంఘన కిందకి రావో లిస్ట్ ఇస్తుంది. పాఠం చెప్పే క్రమంలో టీచర్ గానీ, స్టూడెంట్ గానీ ఏదైనా రచనని కాపీ చేసుకోవచ్చని అందులోనే ఉంది. క్వశ్చన్ పేపర్లో వాడినా, ఆన్సర్లో రాసినా ఓకే.

ఎన్ని పేజీల వరకు?

దీనికి ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసులో జవాబు దొరికింది. సిలబస్ పుస్తకాల్లోని చాప్టర్లు కలిపి కోర్స్ ప్యాక్‌లుగా అమ్ముతున్నారని క్యాంపస్‌లోని రామేశ్వరి ఫొటోకాపీ షాపు మీద, యూనివర్సిటీ మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ 2012లో కేసు వేశాయి. 2016 సెప్టెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో డివిజన్ బెంచ్ ఇంకో మాట చెప్పింది: ఇన్ని పేజీలు, ఇంత శాతం అని లెక్క లేదు, పాఠానికి అది అవసరమా కాదా అన్నదే చూడాలి. ఆ అవసరం ఎంతో తేల్చడానికి కేసుని మళ్లీ కింది బెంచ్‌కి పంపింది. 2017 మార్చిలో పబ్లిషర్లే కేసు వెనక్కి తీసుకున్నారు.

పాఠం అంటే బోర్డు ముందు చెప్పే గంట మాత్రమే కాదని కూడా ఈ కేసులో కోర్టు చెప్పింది. కాబట్టి మీ క్లాస్ పిల్లలు మాత్రమే ఉన్న గ్రూప్‌లో సిలబస్‌కి కావాల్సిన పేజీలు పెడితే మీ వాదనకి బలం ఉంటుంది. పుస్తకం మొత్తం స్కాన్ చేసి, ఎవరైనా చేరగలిగే టెలిగ్రామ్ ఛానెల్లో పడేస్తే మాత్రం ఆ బలం పోతుంది. అక్కడ చూసేవాళ్లు మీ స్టూడెంట్సే అని చెప్పలేం కదా.

సినిమా వేయొచ్చా?

స్కూల్ కార్యక్రమంలో భాగంగా వేయొచ్చు. చూసేవాళ్లు స్టాఫ్, స్టూడెంట్స్, పేరెంట్స్, స్కూల్ పనులతో సంబంధం ఉన్నవాళ్లే అయ్యుండాలి. కానీ ఓటీటీ యాప్ పెట్టే కండిషన్లు వేరు. సబ్‌స్క్రిప్షన్ ఇంట్లో చూడ్డానికే అని రాసుంటే అది యాప్‌తో మీరు చేసుకున్న ఒప్పందం. ఒకసారి చదివి వేయండి.

యూట్యూబ్‌లో సీన్ మారిపోతుంది

వీడియో అప్‌లోడ్ అవ్వగానే కంటెంట్ ఐడీ సిస్టమ్ దాన్ని డేటాబేస్‌తో పోల్చి చూస్తుంది. పాట మ్యాచ్ అయితే క్లెయిమ్ వచ్చేస్తుంది. మీరు టీచరా, ఎడిటరా అన్నది ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలీదు. డిస్‌క్లెయిమర్ పెట్టినా పట్టించుకోదు. క్లెయిమ్ వస్తే ఎక్కువగా యాడ్ డబ్బులు ఓనర్‌కి పోతాయి, లేదా వీడియో బ్లాక్ అవుతుంది. ఓనర్ లీగల్‌గా వీడియో తీసేయమని అడిగితే పడేది స్ట్రైక్. 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ మొత్తం పోవచ్చు, ఏళ్లుగా చేసిన పాఠాలతో సహా.

మరి ఏం చేయాలి?

• ఫైల్ కన్నా లింక్ పంపడం మేలు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాళ్ల సైట్లోనే ఫ్రీగా ఉన్నాయి.
• పబ్లిక్ వీడియోల్లో క్రియేటివ్ కామన్స్ బొమ్మలు, యూట్యూబ్ ఆడియో లైబ్రరీ మ్యూజిక్ వాడండి. క్రెడిట్ ఇవ్వమని లైసెన్స్ అడిగితే తప్పకుండా ఇవ్వండి.
• పాతవి వెతకండి. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లు దాటితే ఆ రచన అందరిదీ. కానీ కొత్త ఎడిషన్‌లోని ముందుమాట, వ్యాఖ్యానం వేరేవాళ్లవి కావచ్చు.
• ఒరిజినల్ వీడియో ఫైల్స్‌కి డ్రైవ్‌లో బ్యాకప్ ఉంచుకోండి. ఛానెల్ పోయినా పాఠాలు మిగులుతాయి.

మీ ఇంట్లోనో, ఫ్రెండ్స్‌లోనో టీచర్ ఉంటే ఇది వాళ్లకి పంపండి. ఏదైనా గ్రూప్‌లో పెట్టే ముందు "ఇది నా క్లాస్ పిల్లలకేనా, పాఠానికి అవసరమేనా" అని చూసుకుంటే చాలావరకు సేఫ్. నోటీసు దాకా వస్తే మాత్రం లాయర్‌ని కలవాల్సిందే.