వాయిదాకు కొలత ఉందా?

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో రైలు ఎంత ఆలస్యంగా వచ్చిందో చెప్పడం తేలిక. టైమ్‌టేబుల్‌లో రావలసిన వేళ ఉంటుంది, వచ్చిన వేళ కళ్లముందే ఉంటుంది. అదే ఊళ్లో ఒక విద్యార్థి చదువును ఎంత వాయిదా వేస్తున్నాడో చెప్పాలంటే? గడువు కాగితం మీద ఉంటుంది. ఎప్పుడు మొదలుపెట్టాలనుకున్నాడో అతని మనసులోనే ఉంటుంది.

పైగా ప్రతి ఆలస్యమూ వాయిదా కాదు. ఇంట్లో జబ్బు, దొరకని పుస్తకం వంటివి సిగ్నల్ లేక రైలు ఆగిపోవడం లాంటివి. చేయగలిగి ఉండి, నష్టమని తెలిసి కూడా పనిని వెనక్కి నెట్టడాన్నే మనస్తత్వ శాస్త్రజ్ఞులు వాయిదాగా లెక్కిస్తారు.

అందుకే ప్రశ్నావళులు పుట్టాయి. 1984లో సాలమన్, రాత్‌బ్లమ్ అనే పరిశోధకులు అమెరికాలో 342 మంది కాలేజీ విద్యార్థులను అడిగితే, వ్యాసాలు రాయడాన్ని ఎప్పుడూ లేదా దాదాపు ఎప్పుడూ వాయిదా వేస్తామని 46 శాతం మంది చెప్పారు. 1991లో టక్‌మన్ 16 వాక్యాల కొలమానాన్ని అందించారు.

ఈ కొలమానాన్ని నమ్మవచ్చా? ఖరగ్‌పూర్ ఐఐటీ మొదలైన 1951లోనే క్రాన్‌బాక్ ‘ఆల్ఫా’ అనే సంఖ్యకు ప్రాచుర్యం తెచ్చారు. ఒకే లక్షణం గురించి అడిగిన వాక్యాలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో అది చెబుతుంది. విలువ 1కి దగ్గరైన కొద్దీ పొందిక ఎక్కువ. టక్‌మన్ కొలమానానికి 0.86 వచ్చింది. కొన్ని వారాల తర్వాత అదే ప్రశ్నావళిని మళ్లీ ఇచ్చి, మార్కులు నిలకడగా ఉన్నాయా అని చూడటం మరో పరీక్ష.

అయితే నిలకడ వేరు, నిజం వేరు. ప్రతిసారీ 50 గ్రాములు ఎక్కువ చూపే కాటా నిలకడైనదే, కానీ తప్పుడు కాటా. 2001లో స్టీల్, ఆయన సహచరులు విద్యార్థులు తమ గురించి చెప్పుకున్నదాన్ని, కంప్యూటర్ ద్వారా సాగిన కోర్సులో వారు పని ముగించిన తీరును పక్కపక్కన పెట్టి చూశారు. ఒకదాని బదులు మరొకటి వాడలేమని తేలింది. తనను తాను తక్కువ చేసుకునే విద్యార్థి, పని వేళకు ఇస్తున్నా ‘నేను బద్ధకస్తుణ్ణి’ అని రాయవచ్చు.

భాష మరో చిక్కు. రైల్వే ఉద్యోగాలతో తరతరాలుగా ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొకటి. ప్రశ్నావళిని తెలుగులోకి మార్చేటప్పుడు ‘వాయిదా’ ఉండాల్సిన చోట ‘బద్ధకం’ పడితే కొలిచేదే మారిపోతుంది. బద్ధకస్తుడికి పని మీద ఆసక్తే ఉండదు. వాయిదా వేసేవాడు చేయాలనుకుంటూనే చేయడు. అందుకే తెలుగు వాక్యాలను మరొకరి చేత తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి, మూలంతో పోల్చి చూస్తారు.

కాబట్టి ఒక్కసారి వచ్చిన మార్కుతో ఏ పిల్లవాడి మీదా ముద్ర వేయకూడదు. ప్రశ్నావళిని మళ్లీ ఇవ్వాలి. ఎప్పుడు మొదలుపెడతాడో ముందే రాయించుకుని, నిజంగా మొదలుపెట్టిన రోజుతో పోల్చాలి. అప్పుడు రైలుకు ఉన్నట్టే చదువుకూ ఒక టైమ్‌టేబుల్ ఉంటుంది.