గీత ఎవరిని కాపాడాలి?

2004 ఏప్రిల్‌లో అమెరికాలోని ఇంగిల్‌వుడ్ పట్టణం వాల్‌మార్ట్‌ను తిప్పికొట్టింది. నల్లజాతి, లాటినో ప్రజలు అధికంగా గల ఆ ఊరిలో, పట్టణ ప్రణాళికా పరిశీలనను తప్పించుకొని భారీ దుకాణం నిర్మించేందుకు ఆ సంస్థ ఓటింగ్ కోరింది. సుమారు 60 శాతం మంది వద్దన్నారు. ఏ స్థలంలో ఏ కట్టడం రావాలో తేల్చే హక్కు ఊరిదేనని వారు చాటారు.

ఆదోని, ఎమ్మిగనూరు, హాలహర్వి ప్రాంతంలో ఈ ప్రశ్నను కులాన్ని పక్కనబెట్టి అడగలేమని నా అభిప్రాయం. 2012లో బహుళ బ్రాండ్ల చిల్లర వ్యాపారంలో 51 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించిన కేంద్రం, ప్రధానంగా పది లక్షల జనాభా దాటిన నగరాలనే పేర్కొంది. 2011 లెక్కల్లో ఆదోని జనాభా సుమారు 1.66 లక్షలే. అయితే ఆ పరిమితి స్వదేశీ గొలుసు దుకాణాలకు వర్తించదు.

చిన్న వ్యాపారిని కాపాడాలన్న నినాదం వినగానే, ఏ చిన్న వ్యాపారి అని అడగాలి. గల్లాపెట్టె వెనుక తరతరాలుగా కూర్చున్న కులాలు వేరు. దుకాణం ముందు ఎండలో గంపతో కూర్చున్న కులాలు వేరు. దళితుడు కిరాణా కొట్టు పెడితే అగ్రకుల వీధి నుంచి కొనడానికి వచ్చేవారెందరు? అందుకే దళిత పారిశ్రామికుల సంఘం డిక్కీ, రచయిత చంద్రభాన్ ప్రసాద్ ఆనాడు విదేశీ పెట్టుబడిని సమర్థించారు. అంతకుముందు 2007లో మాయావతి ప్రభుత్వం ఉత్తరప్రదేశ్‌లో రిలయన్స్ ఫ్రెష్ దుకాణాలను మూయించింది. బహుజన ఆలోచనలోనే రెండు దారులున్నాయి.

కులం అడగని కౌంటర్ మీది ఆశను నేను తేలిగ్గా తీసిపారేయలేను. కాని పెద్ద దుకాణంలో జీతానికి నిలబడటం, సొంత గంపకు యజమానిగా ఉండటం ఒకటి కావు. పైగా భారీ దుకాణం వస్తే మొదట ఖాళీ అయ్యేది దాని ముందున్న రోడ్డే. వాహనాలకు చోటు కావాలన్న పేరుతో గంపలను లేపుతారు.

ఇక్కడే 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం అక్కరకు వస్తుంది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది విక్రయదారులు ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి. వారిలో మూడో వంతు మహిళలు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం తప్పనిసరి. సర్వే ముగిసేవరకు ఎవరినీ తొలగించరాదు. యాభై ఏళ్లకు పైగా విక్రయాలు సాగుతున్న సహజ బజార్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించి, అక్కడివారిని కదపకూడదు.

కాబట్టి పట్టణ ప్రణాళికలో వాణిజ్య మండలం గీత గీసేముందు విక్రయ మండలం గీత పడాలి. భారీ దుకాణానికి అనుమతి ఇచ్చేముందు విక్రయ కమిటీ మాట వినాలి. ఆ కమిటీలో గంప మోసే స్త్రీ కూర్చోవాలి. పాత గల్లాపెట్టెను మాత్రమే కాపాడే గీత మనకు అక్కరలేదు.