చెంచాన్నర పెట్రోలు

మూసాపేట మెట్రో స్టేషన్ కింద ఎర్ర లైటు పడింది. బ్రేకు మీద కాలు వేశాను. మనుషులతో కలిపి 1300 కిలోల బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుంటే, ఆ పరుగులో దాదాపు 80 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. లీటరు పెట్రోల్లో ఉండేది సుమారు 32,000 కిలోజౌళ్లు. మంచి ఇంజన్ కూడా అందులో మూడో వంతుకు అటూ ఇటూగానే చక్రాలకు అందిస్తుంది. ఆ లెక్కన ఈ ఒక్క ఆగుడు ఖరీదు ఏడు మిల్లీలీటర్ల పైచిలుకు. టీ చెంచాతో కొలిస్తే చెంచాన్నర పెట్రోలు. మామూలు కారులో అదంతా బ్రేకు డిస్కుల దగ్గర వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. అదే 60లో వస్తూ ఆపితే నష్టం రెండింతలు దాటుతుంది.

నెత్తిమీద 2017 నవంబరు నుంచి తిరుగుతున్న మెట్రో రైలు ఈ నష్టాన్ని ఎప్పుడో తెలివిగా తప్పించుకుంది. స్టేషన్ దగ్గర పడగానే దాని మోటార్లే జనరేటర్లవుతాయి, పుట్టిన కరెంటు పైతీగలోకి తిరిగి వెళుతుంది, ఆ లైన్లో బయల్దేరుతున్న ఇంకో రైలు దాన్ని వాడుకుంటుంది. కింద మన కారుకు తీగ లేదు. తన సంపాదన తనే మోసుకు తిరగాలి. అందుకే పెట్రోలు ఇంజన్, కరెంటు మోటారు రెండూ ఉండే హైబ్రిడ్‌కు బ్యాటరీ.

ఆలోచన పాతదే. 1900లోనే ఫెర్డినాండ్ పోర్షే పెట్రోలు ఇంజన్లతో జనరేటర్లు తిప్పి, ఆ కరెంటుతో చక్రాల్లోని మోటార్లు నడిపే బండి చేశాడు. దానికి ‘సెంపర్ వివస్’, అంటే ఎప్పుడూ ప్రాణంతో ఉండేది అని పేరు పెట్టాడు. పేరు ఎలా ఉన్నా, పెట్రోలు కార్ల జోరులో హైబ్రిడ్ ఆలోచన చాలాకాలం మూలన పడింది. 1993లో టొయోటా 21వ శతాబ్దపు కారు కోసం ఒక బృందాన్ని కూర్చింది. దాని పెద్ద తకేషి ఉచియమాడ. మైలేజీ ఒకటిన్నర రెట్లు చేస్తామని వాళ్లంటే, రెట్టింపు చేయమన్నారు పైవాళ్లు. 1995 చివర్లో నమూనా కారు తయారైంది. స్టార్ట్ చేస్తే కదల్లేదు. 49 రోజులు కదల్లేదు. చివరికి 1997 డిసెంబరులో ప్రియస్ పేరుతో అమ్మకానికి వచ్చింది.

దాని గుండెకాయ గుప్పెడు పళ్లచక్రాలు. నవగ్రహ మంటపంలో సూర్యుడున్నట్టే నడిమధ్య ఒక సూర్యచక్రం, దానికి 30 పళ్లు. చుట్టూ చిన్న గ్రహచక్రాలు. అన్నింటినీ చుట్టి 78 పళ్ల వలయం. ఇంజన్ గ్రహాలను తిప్పుతుంది, సూర్యుడికి ఒక చిన్న మోటారు, వలయానికి పెద్ద మోటారు, చక్రాలు. ఇంజన్ బలంలో 72 శాతం నేరుగా చక్రాల వైపు, 28 శాతం చిన్న మోటారు వైపు చీలిపోతుంది. క్లచ్ లేదు, మార్చడానికి గేర్లు లేవు, స్టార్టర్ మోటారు వేరే లేదు. ఇన్ని ‘లేవు’లు కలిసి కారును ఇంత బాగా నడపడం నాకు ఇప్పటికీ వింతే.

మన దేశంలో 2008లో హోండా సివిక్, 2010లో ప్రియస్ హైబ్రిడ్లుగా దిగినా, ధర చూసి జనం దణ్ణం పెట్టారు. 2022లో గ్రాండ్ విటారా, హైరైడర్, హోండా సిటీ వచ్చాకే మన వీధుల్లో కనబడటం మొదలైంది. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు కాగితం మీద లీటరుకు 27.97 కిలోమీటర్లు. కైతలాపూర్ ఫ్లైఓవర్ మీదుగా మాదాపూర్ చేరేసరికి ఆ అంకెలో ఎంత మిగులుతుందన్నది కుడికాలి చేతిలో ఉంది, అలా అనొచ్చో లేదో గానీ.

బ్రేకు గట్టిగా తొక్కితే పుట్టే కరెంటు అంతా బ్యాటరీ ఒక్కసారి మింగలేదు. మిగతా పని మామూలు బ్రేకులే చేస్తాయి, చెంచాన్నరలో ఆ మేరకు మళ్లీ వేడిపాలు. సిగ్నల్ దూరం నుంచే కనబడితే కాలు తీసేసి, బ్రేకును మెత్తగా, ఎక్కువసేపు నొక్కాలి. మీటర్లో ముల్లు ‘చార్జ్’ గీత దాటకుండా చూసుకుంటే చాలు.

బయల్దేరేటప్పుడు మాత్రం అతి పొదుపు పనికిరాదు. బండి కరెంటు మీదే నడుస్తోందని చెప్పే ఆకుపచ్చ ‘ఈవీ’ గుర్తు ఆరిపోకూడదని నత్తలా పాకించేవాళ్లను చూస్తుంటాను. బ్యాటరీలో ఉన్న కరెంటులో చాలావరకు పెట్రోలు పెట్టి చేసిందే. దాన్ని ఖాళీ చేస్తే ఇంజన్ మళ్లీ నింపాలి, నింపడంలో కొంత, తీయడంలో కొంత కారిపోతుంది. ఓ మాదిరి గట్టిగానే తొక్కి వేగం అందుకుని, ఆపైన కాలు తేలిక చేస్తే ఇంజన్ తనకు ఇష్టమైన చోట పనిచేసి పక్కకు తప్పుకుంటుంది.

మే నెలలో ఏసీది వేరే కథ. కంప్రెసర్ నడిచేది బ్యాటరీతో. అందుకే ఆగి ఉన్న కారులో ఇంజన్ దానంతటదే గుర్రుమంటుంది. చెట్టు నీడన పెట్టి, ఎక్కగానే అద్దాలు దించి వేడిగాలి పోనిస్తే ఆ గుర్రు కొంత తగ్గుతుంది.

నా బండికి ఓ వేసవిలో మైలేజీ ఉన్నట్టుండి పడిపోయింది. టైర్లలో గాలి చూశాను, బాగానే ఉంది. వెనక సీటు పక్కన జల్లెడలాంటి చిన్న కిటికీ ఉంటుంది. బ్యాటరీ చల్లబడటానికి గాలి పీల్చుకునేది అక్కడినుంచే. బ్యాటరీ వేడెక్కితే కరెంటు ఇచ్చిపుచ్చుకోవడం తగ్గించేస్తుంది, భారమంతా ఇంజన్ మీద పడుతుంది. సీటు మీది స్కూలు బ్యాగు లాగి చూస్తే ఆ జల్లెడ నిండా మూసాపేట దుమ్ము, మధ్యలో ఇరుక్కుని ఒక చాక్లెట్ కాగితం.