అద్దాలు తీసేసే ముందు

లాసిక్ చికిత్సకు పట్టేది కొద్ది నిమిషాలే. ఫలితాన్ని తేల్చేవి మాత్రం ముందు చేసే పరీక్షలు, తర్వాత పాటించే జాగ్రత్తలు

పెళ్లిచూపులు దగ్గరపడ్డాయనో, ఉద్యోగ నోటిఫికేషన్ వెలువడిందనో, హెల్మెట్ కింద కళ్లజోడు ఇబ్బంది పెడుతోందనో యువతీ యువకులు లేజర్ చికిత్స కోసం కంటి ఆస్పత్రులకు వెళ్తున్నారు. చాలామంది మొదట అడిగేది నొప్పి ఉంటుందా అనే. నిజానికి అడగాల్సిన మొదటి ప్రశ్న వేరు: ఈ చికిత్సకు నా కన్ను పనికొస్తుందా?

ఈ చికిత్స పుట్టుకలో మద్రాసులో జన్మించిన ఓ శాస్త్రవేత్త పాత్ర ఉంది. 1981లో అమెరికాలోని ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న రంగస్వామి శ్రీనివాసన్, ఆయన సహచరులు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ ఎక్సైమర్ లేజర్ చుట్టుపక్కల కణజాలాన్ని కాల్చకుండా అత్యంత కచ్చితంగా చెక్కగలదని గుర్తించారు. తొలి ప్రయోగం పండగ విందులో మిగిలిన టర్కీ కోడి మాంసం మీద జరిగింది. ఇప్పుడు అదే లేజర్ కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాను చెక్కి, వెలుతురు సరిగ్గా రెటీనాపై పడేలా చేస్తోంది.

కొలతలే కీలకం

కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు, అంటే 500 మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ. ఒక్కో పాయింటు పవర్ తగ్గించాలంటే దాదాపు 12 నుంచి 15 మైక్రాన్లు చెక్కాలి. పైన తెరిచే పల్చటి మూతకు మరో 100 మైక్రాన్లకు పైగా పోతుంది. అడుగున కనీసం 250 మైక్రాన్లు మిగలాలన్నది నియమం. 300 మిగిల్చే డాక్టర్లూ ఉన్నారు. అందుకే పల్చటి కార్నియా, ఎక్కువ పవర్ ఉన్నవారిని తిప్పి పంపుతారు. కార్నియా బలహీనపడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ లక్షణాలు ఉన్నవారికి లాసిక్ చేస్తే చూపు మరింత దెబ్బతింటుంది. టోపోగ్రఫీ పరీక్ష చేసేది దాన్ని పసిగట్టేందుకే. కాంటాక్ట్ లెన్సులు కార్నియా ఆకారాన్ని మారుస్తాయి గనుక పరీక్షకు ముందు మెత్తటివైతే ఒకటి రెండు వారాలు, గట్టివైతే ఇంకా ఎక్కువ కాలం మానేయాలి.

పద్దెనిమిదేళ్లు నిండి, కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉన్నవారికే ఈ చికిత్స. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవాలి. తీవ్రంగా కళ్లు పొడిబారేవారు, అదుపులేని మధుమేహం ఉన్నవారు దూరంగా ఉండటమే మేలు. ఉద్యోగార్థులు మరో సంగతి గమనించాలి: రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు లాసిక్ చేయించుకున్నవారు అనర్హులు. కొలువు కోసం చేయించుకున్న చికిత్సే ఆ కొలువుకు అడ్డం కావచ్చు. ముందే నిబంధనలు చదువుకోవాలి.

బల్లపై ఏం జరుగుతుంది?

మత్తు ఇంజెక్షన్ ఉండదు, చుక్కల మందే. రెప్పలు మూసుకుపోకుండా చిన్న క్లిప్ పెడతారు. మూత తెరిచేందుకు కంటిని బిగించినప్పుడు గట్టిగా నొక్కినట్టుంటుంది, కొన్ని క్షణాలు చూపు మసకబారుతుంది. హడలిపోనక్కర్లేదు. తర్వాత ఎదురుగా మెరిసే వెలుగుచుక్కను చూస్తూ ఉండాలి. లేజర్ టకటక శబ్దం చేస్తుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. ఈ ఘట్టం సాధారణంగా నిమిషం లోపే ముగుస్తుంది. కన్ను కాస్త కదిలినా లేజర్ అనుసరిస్తుంది, మరీ కదిలితే ఆగిపోతుంది. చివరికి మూతను యథాస్థానంలో పరుస్తారు, కుట్లు ఉండవు.

తర్వాత కొన్ని గంటలు మంట, నీరు కారడం, ఇసుక పడ్డట్టు ఉండటం మామూలే. నిద్రపోవడం మంచి మందు. చాలామందికి మర్నాటికే చూపు తేటపడుతుంది. అసలు ప్రమాదం అప్పుడే: బాగైపోయిందనుకుని కళ్లు నులుముకుంటే మూత జరిగిపోవచ్చు. రాత్రిళ్లు రక్షణ కవచం పెట్టుకోవాలి, చుక్కల మందులు చెప్పినన్ని రోజులూ వేసుకోవాలి. తలస్నానంలో నీళ్లు కంట్లో పడనీయకూడదు. కొన్ని వారాలు ఈత, కాటుక బంద్. నొప్పి పెరిగినా, చూపు తగ్గినా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి.

మూత మునుపటంత గట్టిగా ఎన్నటికీ అతుక్కోదు. అందుకే కబడ్డీ, బాక్సింగ్ ఆడేవారికి మూత తెరవని పీఆర్కే పద్ధతిని సూచిస్తారు. అందులో మూడు నాలుగు రోజులు నొప్పి ఉంటుంది, చూపు కుదుటపడటానికి వారాలు పడుతుంది.

రాత్రి దీపాల చుట్టూ వలయాలు, కళ్లు పొడిబారడం కొన్ని నెలలు వేధించవచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ పాలుపంచుకున్న ప్రౌల్ అధ్యయనంలో 95 శాతానికి పైగా తమ చూపుపై సంతృప్తి తెలిపారు. అదే అధ్యయనంలో, అంతకుముందు ఏ ఇబ్బందీ లేనివారిలో 46 శాతం వరకు మూడు నెలల తర్వాత వలయాల వంటి కనీసం ఒక దృష్టి లక్షణాన్ని పేర్కొన్నారు. రెండూ నిజాలే. రాత్రిపూట బండి నడిపే వృత్తుల్లో ఉన్నవారు రెండో అంకెను మరువకూడదు.

లేజర్ చత్వారాన్ని ఆపలేదు. నలభై దాటాక చదువుకోడానికి అద్దాలు రావచ్చు. ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవారికి రెటీనా ఊడే ముప్పూ తగ్గదు, ఏటా పరీక్ష తప్పదు. ఎప్పుడో శుక్లాల ఆపరేషన్ అవసరమైతే లెన్సు పవర్ లెక్కకట్టడానికి నేటి కొలతలు కావాలి. కాబట్టి పాత రిపోర్టులు పారేయకుండా భద్రపరచాలి.

రాయితీ ఆఖరు తేదీ చూసి తొందరపెట్టే చోటు కంటే, కొలతలన్నీ తీసి, అవసరమైతే ‘మీకు వద్దు’ అని చెప్పే డాక్టరే నమ్మదగినవారు. కళ్లజోడుతో బతకవచ్చు. చెక్కేసిన కార్నియా మాత్రం తిరిగి రాదు.