పెరట్లో రెండో పుంజు: ఎప్పుడు మేలు, ఎప్పుడు చేటు?

పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజుతో పని లేదు. పుంజు కావలసింది ఆ గుడ్డు పిల్లగా మారడానికి మాత్రమే. ఇంటి వాడకానికో, అమ్మకానికో గుడ్లు చాలనుకునే వారు ఒక్క పుంజు కూడా లేకుండా కోళ్లను పెంచుకోవచ్చు. పొదిగించి మందను వృద్ధి చేసుకోదలచిన వారికే అసలు ప్రశ్న ఎదురవుతుంది: ఎన్ని పుంజులను ఉంచాలి?

2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ల సంఖ్య సుమారు 31 కోట్ల 70 లక్షలు. అంతకు ముందరి గణన కంటే ఇది దాదాపు 46 శాతం అధికం. పొదిగిన పిల్లల్లో ఇంచుమించు సగం పుంజులే అవుతాయి. పది పిల్లలు బతికి పెరిగితే, నాలుగైదు నెలలకు ఐదు పుంజులు కూతకు వస్తాయి. చిక్కు అక్కడే మొదలవుతుంది.

సాధారణంగా ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. ఐదారు పెట్టల మధ్య మూడు పుంజులుంటే నష్టపోయేది ముందుగా పెట్టలే. పదే పదే తొక్కడం వల్ల వాటి వీపు మీద, మెడ వెనుక ఈకలు ఊడి చర్మం బయటపడుతుంది. పుంజు కాలి గోళ్లు గుచ్చుకుని గాయాలవుతాయి. బెదిరిన పెట్ట దాణా దగ్గరకు సరిగా రాదు. గుడ్లు తగ్గాయని మేతను మార్చేవారు ముందుగా పెట్టల వీపులను పరిశీలించడం మంచిది.

కోళ్ల మందలో హోదా ఉంటుంది. ఎవరు ఎవరిని పొడవవచ్చో నిర్ణయించే ఈ వరుసను నార్వే శాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డెరూప్-ఎబ్బె 1921లో వివరించారు. తెల్లవారుజామున కూత విషయంలోనూ అదే క్రమమని 2015లో జపాన్ పరిశోధకులు తేల్చారు. పెద్ద పుంజు మొదట కూస్తుంది; తక్కినవి హోదా ప్రకారం అందుకుంటాయి. వరుస కుదిరిన చోట పోరు తక్కువ. కనుకనే ఒకే గంప కింద కలిసి పెరిగిన అన్నదమ్ముల వంటి పుంజులు చాలాసార్లు సర్దుకుపోతాయి. ఎదిగిన కొత్త పుంజును హఠాత్తుగా మందలోకి వదిలితే మాత్రం రక్తపాతం తప్పకపోవచ్చు. తెలుగు నేలకు చిరపరిచితమైన అసిల్ జాతి పుంజుల స్వభావమే కలహశీలం. వాటిని రెండింటిని ఒకే దొడ్డిలో వదలడం సాహసమే.

అయినా రెండో పుంజుకు ఒక బలమైన కారణం ఉంది. ఏళ్ల తరబడి ఒకే పుంజు ఉంటే అది తన సంతానంతోనే జతకడుతుంది. రక్తసంబంధం దగ్గరవుతున్న కొద్దీ గుడ్లు పొదగక మురగడం, పిల్లలు బలహీనంగా పుట్టడం కనిపిస్తాయి. ఉన్న పుంజు నక్క పాలైతే మంద వృద్ధి నిలిచిపోకుండా కూడా రెండోది ఆదుకుంటుంది. ఇరవై పెట్టలున్న వారు రెండింటిని నిశ్చింతగా ఉంచుకోవచ్చు. పది లోపు ఉన్నవారికి నా దృష్టిలో ఒకటే చాలు. దానిని ఏడాదికో, రెండేళ్లకో దూరపు ఊరి పుంజుతో మార్చుకోవడం మేలు.

రెండింటిని ఉంచేవారు దాణా తొట్టిని, నీళ్ల పాత్రను ఒక్కచోటే పెట్టకూడదు. ఓడిన పుంజు కంటపడకుండా తప్పుకునేందుకు తడిక గానీ, పొద గానీ అడ్డు ఉండాలి. తురాయి చిట్లి రక్తం కారుతున్న కోడిని తక్షణం వేరు చేయాలి. రక్తం కనబడితే తక్కిన కోళ్లు అక్కడే పొడుస్తాయి. మిగిలిన పుంజులను పెట్టలు కనబడని చోట విడిగా పెంచితే పోట్లాట గణనీయంగా తగ్గుతుంది, మాంసానికి తగిన బరువు వచ్చేదాకా ఉంచవచ్చు. వాటిని పందేలకు దింపడం మాత్రం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

పుంజును మార్చిన వెంటనే గుడ్లను పొదగేయవద్దు. పాత పుంజు వీర్యం పెట్ట శరీరంలో రెండు వారాల వరకు నిలిచి ఉంటుంది. కనుక మూడు వారాలు ఆగి సేకరించిన గుడ్లే కొత్త పుంజువని నమ్మవచ్చు. బయటి నుంచి తెచ్చిన పుంజు కొక్కెర తెగులును మోసుకురావచ్చు. కనీసం రెండు వారాలు దానిని దూరంగా, వేరే గంప కింద ఉంచి, టీకా విషయం పశువైద్యుణ్ణి అడిగిన తరువాతనే మందలో కలపాలి.