శిబిరము ముగిసిన తరువాత

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఒక వైద్యసంస్థ ఉద్యోగులు ఆదివారమునాడు షామియానా వేసి, వచ్చినవారికి రక్తపుపోటు, చక్కెర పరీక్షింతురు. దీని వెనుకనున్న చట్టమును శ్రోతలకు విన్నవింపదలచితిమి.

2013 నాటి కంపెనీల చట్టములోని 135వ విభాగము 2014 ఏప్రిల్ 1న అమలునకు వచ్చినది. నికరలాభము 5 కోట్లు గాని, రాబడి 1000 కోట్లు గాని, నికరవిలువ 500 కోట్లు గాని గల సంస్థలు గడచిన మూడేండ్ల సగటు లాభములో 2 శాతము సమాజహితమునకు వెచ్చింపవలెను. లెక్కకు వచ్చునది రొక్కమే. ఉద్యోగుల ఉచితసేవకు వెలకట్టి అందు చేర్చరాదని ప్రభుత్వము స్పష్టపరచినది. మాకిది సబబుగనే తోచినది. చిట్టా కట్టిన సేవ జీతమగును గదా!

అసలు చిక్కు వేరు. ఒక్కమారు పోటు 140/90 దాటినంతమాత్రమున రోగమని నిశ్చయింపరాదు. వేరొక దినమున మరల చూడవలెను. వ్రేలికొన నెత్తుటిచుక్కతో చూచిన చక్కెరను ప్రయోగశాలలో రూఢిపరచుకొనవలెను. అనగా శిబిరముతో పని మొదలగునే గాని ముగియదు. బియ్యపుమిల్లు హమాలీ చేతికి చీటీ యిచ్చి "పెద్దాసుపత్రికి పొమ్ము" అన్నచో, దినకూలి పోగొట్టుకొని పోగలడా? అతని సమ్మతితో పేరు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు అందజేసి, పదిదినములకు తామే తిరిగివచ్చి విచారించుట ఉద్యోగులకు సాధ్యమే. శిబిరమునకు పోవువారు చీటీ పుచ్చుకొనునపుడే, మరల వచ్చు తేదీ యేదని అడుగుడు.